మూడు మూరల రాయి

నీళ్ళ శాఖలో ఆమెను అందరూ చెవులమ్మ అనేవారు. అసలు పేరు పెట్టి పిలిస్తే వేరెవరినో అనుకుని ఆగకుండా వెళ్ళిపోయేదని ఆఫీసులో చెప్పుకుని నవ్వుకునేవారు. రోడ్డు కింద పైపు పగిలి నీళ్ళు కారుతుంటే, పైకి తడి తేలకముందే ఆ చోటు ఎక్కడో విని చెప్పడం ఆమె పని. చేతిలో నిలువెత్తు ఇనుప కడ్డీ, దాని కొసన గిన్నెలాంటి చెక్క. కడ్డీ మొనను వాల్వు మీదో రోడ్డు మీదో ఆనించి, చెక్కకు చెవి ఒత్తి, కళ్ళు మూసుకుని నిలబడేది. బాగున్న పైపులో నీళ్ళు గుసగుసలాడతాయట. పగిలినచోట మాత్రం చీదినట్టు వినిపిస్తుందట. ఈ తేడా పట్టుకోవడానికే మూడేళ్ళు పట్టిందని చెప్పేది.

ఆ పనిలోకి ఆమె కోరి రాలేదు. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆమెకిచ్చి, ఫైళ్ళు సర్దుకొమ్మని ఓ మూల కూర్చోబెట్టారు. రెండో వారంలో ఆమె లేచి నిలబడి, "ఈ గోడలో ఎవరో ఊపిరి తీస్తున్నట్టుందండీ" అంది. గదంతా నవ్వింది. ముసలి లీకు మేస్త్రి ఒక్కడే నవ్వకుండా వచ్చి గోడకు చెవి పెట్టాడు. తర్వాత ప్లాస్టరు కొట్టించాడు. లోపల పైపుకు సూదిమొనంత చిల్లు ఉంది. మర్నాడు ఆయన తన కడ్డీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"ఫైళ్ళదేముంది, ఎవరైనా సర్దుతారు. నువ్వు నాతో రా తల్లీ."

అలా ఇరవై తొమ్మిదేళ్ళు ఊరి కింద పారే నీళ్ళను వింటూ గడిపింది.

చర్చిలో ఆమె ఎప్పుడూ వెనక వరుసే. భక్తి లేక కాదు, ప్రశ్నలు ఎక్కువై. ముందు వరుసలో కూర్చుంటే ప్రశ్న మొహం మీద కనిపించిపోతుందని భయం. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారి దగ్గరకెళ్ళి, "అయ్యగారూ, వాక్యం చాలా బాగుంది. కానీ మీరు నిలబడ్డ చోట కింద నీళ్ళు పోతున్నాయి" అంది. తవ్వించి చూస్తే నిజమే. అప్పట్నుంచి పాస్టరుగారికి ఆమె అంటే గౌరవం, దాంతోపాటు కాస్త జంకు కూడా.

ఆమె రిటైరైన మరుసటేడు, బైబిల్లో చదివిన చోట్లు కళ్ళారా చూసొద్దామని చర్చి నుంచి ఇరవైమంది బయల్దేరారు. అందరికంటే ముందు పేరిచ్చింది ఆమె వదిన, అంటే భర్తకు అక్క. వదినకు బైబిలు కొట్టిన పిండి. ఏ అధ్యాయం అడిగినా నిద్రలో కూడా చెప్పగలదు. మోకాళ్ళే ఆమె మాట వినవు.

"నువ్వొస్తేనే నేను పోతా. లేకపోతే లేదు" అంది వదిన.

"నేనొచ్చి ఏం చెయ్యను వదినా? నాకు వచనాలు కూడా సరిగ్గా రావు."

"వచనాల సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు సంచి మొయ్యి చాలు."

సంచి మొయ్యడానికి వచ్చిన మనిషి మొదటి రోజు నుంచే గైడుకు చెమటలు పట్టించింది. గైడు నలభై ఏళ్ళ మనిషి. పెద్ద టోపీ పెట్టుకుని ఎండకు కమిలిపోయి ఉన్నాడు. అతని మాటలు పాస్టరుగారు తెలుగులోకి తిప్పి చెప్పేవారు. మొదట చూసింది ఒక బావి. అలసిపోయిన ప్రభువు కూర్చుని, నీళ్ళు చేదుకోవడానికొచ్చిన స్త్రీని దాహమడిగిన బావి అది. గైడు చెంబుడు నీళ్ళు లోపలికి వంచాడు. కాసేపటికి అడుగున చప్పుడైంది. అందరూ ఆమెన్ అన్నారు. వదిన కళ్ళు తుడుచుకుంది. చెవులమ్మ మాత్రం వేళ్ళు మడుస్తూ నిలబడింది.

"ఇరవై నిలువులకు పైమాటే. అవునా?" అంది.

పాస్టరుగారు ఆ ప్రశ్న అటు అందించారు. గైడు టోపీ తీసి తల గోక్కున్నాడు. ఆ లెక్క తను చెప్పబోయేదానికి దగ్గరగానే ఉందని ఒప్పుకున్నాడు. ఈవిడ చదువుకున్న ఇంజనీరా అని కూడా అడిగాడు.

తర్వాత చూసింది అయిదు మంటపాల కోనేరు. రోగులు గట్టున పడుకుని, నీళ్ళు ఎప్పుడు కదులుతాయా అని కాచుకున్న చోటు. ఇప్పుడు నేలకు చాలా లోతున విరిగిన స్తంభాలు, రాతి గోడలు మిగిలాయి. చెవులమ్మ ఇనుప కమ్మీల మీదుగా వంగి వంగి చూస్తోంది.

"అయ్యగారూ, ఇందులోకి నీళ్ళు ఎటునుంచి వచ్చేవి?"

"దేవదూత దిగి నీళ్ళు కదిలించేవాడమ్మా."

"కదిలించలేదనట్లేదండీ. ఏ వైపు కాలవలోంచి అని అడుగుతున్నా."

వెనక నుంచి వదిన ఆమె మోచేతి మీద గిల్లింది. "మడతపేచీలు ఆపి దణ్ణం పెట్టుకో." చెవులమ్మ దణ్ణం పెట్టుకుంది. కళ్ళు తెరవగానే గైడు చూపించాడు. అదిగో, పైన మరో కోనేరు, మధ్యలో ఈ గోడ, గోడలో తూము. ఆ తూము చూసి ఆమె మొహం అంత వెలగడం ప్రయాణం మొత్తంలో అదే మొదటిసారి అని వదిన తర్వాత అందరికీ చెప్పింది.

అయిదో రోజు బస్సులో పాస్టరుగారు ఆ పూట చూడబోయే చోటు గురించి చెప్పారు. పూర్వం ఒక రాజు ఉండేవాడు. శత్రువుల సైన్యం మీదికొస్తోందని తెలిసింది. ఊరికున్న ఊట ఒక్కటే, అదీ కోట గోడకు అవతల. అందుకని ఊటను పైనుంచి కప్పేసి, కొండ కిందుగా సొరంగం తవ్వించి నీళ్ళను ఊరి లోపలికి తెచ్చుకున్నాడు. వేళ మించిపోకుండా రెండు జట్లను పెట్టాడు. ఒక జట్టు ఊట వైపు నుంచి, ఇంకో జట్టు ఊరి వైపు నుంచి తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు.

చెవులమ్మ ముందు సీటు పట్టుకుని లేచింది.

"రెండు వైపుల నుంచీనా?"

"రెండు వైపుల నుంచీ."

"ఎంత పొడవు?"

పాస్టరుగారు కాగితం చూశారు. "అర కిలోమీటరు పైనే. పైగా తిన్నగా లేదట, పాములా మెలికలు తిరిగి ఉందట."

"చీకట్లో, రాతిలో, మెలికలు తిరుగుతూ ఎలా కలిశారండీ?"

"దేవుని కృప అమ్మా."

"కృప సరే అయ్యగారూ. దారి ఎవరు చెప్పారు?"

బస్సంతా నవ్వారు. పాస్టరుగారు కూడా నవ్వేసి, ఆ ప్రశ్న గైడుకు చెప్పారు. గైడు నవ్వలేదు. చాలామంది పెద్దపెద్ద చదువులు చదివినవాళ్ళు దాని మీదే కొట్టుకుంటున్నారని, కావాలంటే లోపలికి నడిచి చూడొచ్చని అన్నాడు. మోకాలి లోతు నీళ్ళుంటాయి. దీపం ఉండదు, ఎవరి టార్చి వాళ్ళదే. కొన్నిచోట్ల నడుం వంచుకుని పోవాలి. ఓపిక లేనివాళ్ళు పైనుంచి మెట్ల దారిలో చివరి కొలను దగ్గరకు రావచ్చు.

వదిన భగ్గుమంది. "మనూళ్ళో పైపులు చాల్లేదని ఇక్కడి సొరంగాలు కూడా దూరుతుందిట! నీకేమైనా అయితే నీ కూతురికి ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు?"

"ఒక్క గంట వదినా. ఇది చూడకుండా వస్తే నాకు తిన్నది అరగదు."

"నీకెప్పుడు అరగలేదు గనక!" అంటూనే వదిన సంచిలోంచి టార్చి తీసి, బ్యాటరీ ఉందో లేదో రెండుసార్లు వెలిగించి చూసి ఇచ్చింది. చెప్పులు తీసేసి బూట్లు వేసుకొమ్మంది. కూతురు బలవంతంగా సంచిలో పెట్టిన ట్రాక్ ప్యాంటు ఆ రోజు పనికొచ్చింది.

లోపలికి దిగింది ఆరుగురు. ముందు గైడు, వెనక చెవులమ్మ, ఆమె వెనక పాస్టరుగారు, చివర చర్చి పాటల జట్టులోని ముగ్గురు. ఇరుకు చోట్లంటే పాస్టరుగారికి చిన్నప్పట్నుంచీ భయమన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మంద దిగితే కాపరి దిగకపోతే ఎలా అని దిగారు. పది అడుగులు వేయకముందే సన్నగా పాట అందుకున్నారు. పాట కంటే ఊపిరే ఎక్కువ వినిపిస్తోంది.

మొదట్లో నీళ్ళు తొడల దాకా వచ్చాయి. చల్లగా, శుభ్రంగా ఉన్నాయి. కాసేపటికి మోకాళ్ళ కిందికి దిగాయి. రెండు భుజాలూ రెండు గోడలకు రాసుకుంటున్నాయి. ఆమె టార్చిని గోడ వారగా పట్టుకుని, రెండో చేత్తో రాతిని తడుముతూ నడిచింది. గోడ నిండా ఉలిగాట్లే. ఒక్కొక్కటీ జానెడు పొడవు. అన్నీ ఒకే వైపుకి, ముందుకి వాలి ఉన్నాయి. నిన్న మొన్న చెక్కినట్టున్నాయి. కొన్నిచోట్ల గాట్లు ఒత్తుగా, పొట్టిగా ఉన్నాయి, కొన్నిచోట్ల పొడుగ్గా, ధీమాగా.

"ఇక్కడ మనిషి మారాడు" అంది ఆమె.

గైడు వెనక్కి తిరిగాడు. "ఎలా తెలుసు?" అని పాస్టరుగారి ద్వారా అడిగాడు.

"మా దగ్గర గోతులు తవ్వేవాళ్ళకి ఒక్కొక్కరిదీ ఒక్కో దెబ్బ. గొయ్యి చూస్తే ఎవరిదో చెప్పెయ్యొచ్చు. ఇక్కడిదాకా తవ్వినవాడు కోపిష్టి. ఇక్కణ్ణుంచి తవ్వినవాడు నిదానస్తుడు."

పాస్టరుగారు పాట ఆపి నవ్వారు. ఆ నవ్వుతో ఆయన ఊపిరి కొంచెం తేలికపడింది.

సగం దూరం పోయాక దారి మెలికలు ఎక్కువయ్యాయి. కుడికి, ఎడమకి, మళ్ళీ కుడికి. ఒకచోట గోడలో మనిషి పట్టేంత గూడు ఉంది. మూడు నాలుగు అడుగులు లోపలికి పోయి మూసుకుపోయింది. ఆమె అందులోకి చెయ్యి పెట్టింది. లోపల కూడా ఉలిగాట్లే.

"ఇదేంటి?"

"తప్పుదారి" అన్నాడు గైడు. "ఇటు తవ్వారు. కాదని తెలిశాక వదిలేసి అటు తిరిగారు."

మరికొన్ని అడుగుల తర్వాత అతను ఆగి, టార్చి గోడ మీద వేశాడు. అక్కడిదాకా ముందుకి వాలిన గాట్లు, అక్కణ్ణుంచి ఎదురు తిరిగి తమ వైపు వాలి ఉన్నాయి. అవతలి జట్టు దెబ్బలవి. వాళ్ళు కలిసిన చోటు అదే. పాటల జట్టువాళ్ళు తోసుకుని వచ్చి చూశారు. గైడు ఇంకో సంగతి చెప్పాడు. సొరంగం అవతలి కొస దగ్గర రాతి మీద ఆ కాలపువాళ్ళు కొన్ని వాక్యాలు చెక్కారు. ఆ రాయి ఇప్పుడిక్కడ లేదు, దూరదేశంలో మ్యూజియంలో ఉంది. ఇంకా మూడు మూరల రాయి మిగిలి ఉండగా, అవతలివాడు ఇవతలివాణ్ణి పిలిచే గొంతు వినిపించిందని అందులో ఉంది.

"మూడు మూరలేనా?" ఆమె మోచెయ్యి గోడకు ఆనించి మూడుసార్లు కొలిచింది. "ఇంత దగ్గర్లో ఉండి కూడా అటూ ఇటూ తవ్వుకున్నారా?"

"రాతి పగులు వెంట పోయారంటారు కొందరు. కొండ పైనుంచి కొట్టి దారి చూపించారంటారు కొందరు. ఎవరికీ ఖాయంగా తెలియదు" అన్నాడు గైడు.

"ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి. అయ్యగారూ, మీరు కూడా."

గైడును ముందుకు పోయి, మలుపు దాటాక గోడను రాయితో కొట్టమంది. తను టార్చి ఆర్పేసి, కళ్ళు మూసుకుని, రాతికి చెవి ఆనించింది. కడ్డీ లేకుండా వినడం ఆమెకు చాలా ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి. నీళ్ళు కాళ్ళ చుట్టూ మెల్లగా పోతున్నాయి. టక్, టక్, టక్. స్పష్టంగా, చెవిలోనే కొట్టినట్టు వినిపించింది.

"ఇటు" అని ఎడమ గోడ చూపించింది.

కళ్ళు తెరిచి చూస్తే గైడు టార్చి వెలుగు కుడి నుంచి వస్తోంది. మళ్ళీ కొట్టమంది. ఈసారి కింద నుంచి వచ్చినట్టనిపించింది. అదీ తప్పే. మూడోసారికి సరిగ్గా చెప్పింది కానీ, అది చెవితో కాక లెక్కతో చెప్పానని ఆమే ఒప్పుకుంది. పాస్టరుగారు కూడా ప్రయత్నించారు. ఆయనకు నెత్తిమీద నుంచి వినిపించింది.

"రాయి చప్పుడు తెచ్చి చేతిలో పెడుతుంది గానీ, ఎక్కణ్ణుంచి తెచ్చిందో చెప్పదు" అంది ఆమె. అరచేత్తో గోడ తడిమి, "నేనూ ఒకసారి ఇలాగే తప్పానండీ" అంది.

అక్కడే, ఆ చీకట్లో, నీళ్ళలో నిలబడి చెప్పింది. ఇరవై ఏళ్ళ క్రితం ఒక పెద్ద గొయ్యి గోడ కూలి, అందరూ గునపం బాబాయి అని పిలిచే కూలీ మట్టి కింద పడిపోయాడు. గోతులు తవ్వడంలో ఊళ్ళో అతన్ని మించినవాడు లేడు. ఒరిగిన చెక్కల కింద కాస్త ఖాళీ దొరికి ఊపిరి నిలిచింది. ఇనుము మీద రాయితో కొడుతున్నాడు. ఆమెను పిలిపించారు. కడ్డీ ఆనించి విని, "ఇక్కడ" అని చూపించింది. తవ్వారు. అక్కడ లేడు. నాలుగు మూరల అవతల దొరికాడు. ఆ కాస్త తేడాకి ఇంకో గంట పట్టింది. ప్రాణం దక్కింది కానీ, చెక్కల కింద నలిగిన కాలు మళ్ళీ తిన్నగా కాలేదు.

"ఎంతమంది ఇంజనీర్లని అడిగానో లెక్కలేదు. అలా జరుగుతుంటాయమ్మా అన్నారంతా. నేను విన్నది తప్పు కాదండీ. అక్కడే వినిపించింది. మరి మనిషి అక్కడెందుకు లేడు?"

కృప అన్న మాట పాస్టరుగారు ఈసారి అనలేదు. "ఆయన్ని అడిగావా అమ్మా? ఆ బాబాయిని?" అన్నారు.

ఆమె టార్చి వెలిగించి, "పదండి, వెనకవాళ్ళకి కాళ్ళు జివ్వుమంటున్నాయి" అంది.

సొరంగం చివర వెలుతురులోకి వచ్చేసరికి, కొలను గట్టున వదిన కూర్చుని ఉంది. పుట్టుగుడ్డివాడు కళ్ళు కడుక్కుని చూపు పొందిన కొలను అది. చెవులమ్మ తడి బూట్లతో మెట్లెక్కి వస్తుంటే, వదిన పైనుంచి కిందిదాకా తడిమి తడిమి చూసింది. తువ్వాలు మొహాన కొట్టింది. బస్సెక్కాక అరగంట కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఆ తర్వాత మెల్లగా, "ఆ గాట్లు నిజంగా ఎదురుబొదురుగా ఉన్నాయా?" అని అడిగింది. ఇక దారి పొడుగునా చెప్పించుకుంది.

ఇంటికి తిరిగొచ్చిన మూడో రోజున చెవులమ్మ గునపం బాబాయి కొట్టుకు వెళ్ళింది. గునపం పట్టలేకపోయాక అతను తాళంచెవులు చేసే పని నేర్చుకున్నాడు. బడి గోడకు ఆనుకుని చిన్న కొట్టు. గోడ నిండా మేకులు, మేకులకు చెవులు. ఇన్నేళ్ళలో ఆమె ఆ వీధిలోకి వచ్చినా అవతలి పక్క నుంచే పోయేది. ఎప్పుడైనా ఎదురుపడితే కుశలం అడిగి, మాట మార్చేసేది.

ఆమె సొరంగం కథంతా చెప్పింది. అతను ఆకురాయి పక్కన పెట్టి విన్నాడు. తప్పుదారి గూడు దగ్గరికొచ్చేసరికి ముందుకు వంగాడు.

"రాజుగారి మనుషులే మూడు మూరల్లో తికమకపడ్డారన్నమాట!"

"అవును బాబాయ్. అందుకే అడుగుదామని వచ్చా. ఆ రోజు నువ్వు దేని మీద కొట్టావు?"

"దేని మీదేంటి, పైపు మీదే."

"ఏ పైపు? మనం కొత్తగా వేస్తున్నదా?"

"దానికి చెయ్యి అందితేగా? నా తల పక్కన తుప్పు పట్టిన పాత పైపొకటి ఉంది. వాడకంలో లేనిది. అది అందింది, దాన్నే వాయించా."

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. "అది ఎటు పోయేది?"

"రోడ్డు వైపు. నాలుగు మూరలు పోయి తెగిపోయి ఉండేది. దాని నోరు తెరిచే ఉంది. పొద్దున దాన్ని చూసి, మేస్త్రికి చెబుదామనుకున్నా. ఈలోగా గోడ కూలింది."

ఆమె వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. చప్పుడు ఆ నోట్లోంచి వచ్చింది. కడ్డీ సరిగ్గా అక్కడే ఆనింది. విన్నది నిజమే, చూపించిన చోటూ నిజమే. మనిషి మాత్రం పైపు రెండో కొసన ఉన్నాడు.

"ఇంజనీర్లందర్నీ అడిగాను బాబాయ్" అంది చివరికి.

"నన్ను తప్ప."

"నిన్ను ఏ మొహంతో అడగను?"

"పిచ్చిదానా! నువ్వు 'ఇక్కడ' అని అరవడం నాకు లోపలికి వినపడింది. ఆ గొంతు వినే ఇంకో గంట ఓర్చుకున్నా. లేకపోతే కొట్టడం ఎప్పుడో మానేసేవాణ్ణి." అతను నవ్వి, సుద్దముక్క తీసి ఆమె చేతికిచ్చాడు. "ఇదిగో, బల్ల మీద గియ్యి. వాళ్ళు ఏ మలుపులో కలిశారో నాకు సరిగ్గా అర్థం కాలేదు."

ఆమె గీసింది. ఊట ఇక్కడ, కొలను ఇక్కడ, మెలికలు ఇలా. అతను వేలు పెట్టి ఒక్కో మలుపూ అడిగాడు. ఇక్కడ రాయి గట్టిదా మెత్తదా? గాలి ఎటునుంచి ఆడేది? తవ్విన ముక్కలు ఎవరు బయటికి మోసేవారు? కొన్నిటికి ఆమె జవాబు చెప్పగలిగింది. చెప్పలేనివి కాగితం మీద రాసుకుంది, పాస్టరుగారి చేత గైడుకు ఉత్తరం రాయిద్దామని. తాళంచెవి చేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ వాకిట్లో పది నిమిషాలు నిలబడి చూసి, వీళ్ళిద్దరూ తలెత్తేలా లేరని తేలాక, తనూ లోపలికి వచ్చి బల్ల మీదికి వంగింది.